అమెరికా పునర్నిర్మాణం (1865–77): ఏ పని ముందు చేశారు, ఏది ఆలస్యమైంది, ఎక్కడ చెడింది

అడిగిన ప్రశ్న ఇది: "అంతర్యుద్ధంలో ఉత్తరాది గెలిచింది, బానిసత్వం పోయింది, రాజ్యాంగానికి మూడు సవరణలు కూడా వచ్చాయి. మరి పన్నెండేళ్లకే అంతా ఎందుకు కూలిపోయింది? నిజంగా ఏమేం చేశారు, ఏది చేయలేదు?"

పునర్నిర్మాణం, అంటే యుద్ధం తర్వాత దక్షిణాదిని మళ్లీ దేశంలో కలుపుకుని విముక్తులకు హక్కులివ్వాలన్న ప్రయత్నం, చట్టాలు చాలక కూలలేదు. పనుల వరుస తప్పడం వల్ల కూలింది. 1865 వేసవిలో దక్షిణాది నిండా ఉత్తరాది సైన్యమే. తోటల యజమానులు ఓడి, ఏ షరతు పెట్టినా ఒప్పుకునే స్థితిలో ఉన్నారు. కానీ అప్పుడు అధ్యక్షుడికి పాత వ్యవస్థను కదిలించే ఉద్దేశం లేదు. 1867లో కాంగ్రెస్ (మన పార్టీ కాదు, వాళ్ల చట్టసభ) పగ్గాలు అందుకునేసరికి సైనికుల్లో ఎక్కువమంది ఇళ్లకు వెళ్లిపోయారు, చేతిలో ఉన్న కాస్త భూమీ పాత యజమానులకు తిరిగి చేరింది. ఓటు హక్కు వచ్చింది, కానీ ఆ ఓటు వేసేవాడు ఎవరి పొలంలో బతుకుతున్నాడో వాడే అతని ప్రత్యర్థి. మిగతా కథంతా ఇందులోంచి పుట్టిందే.

ముందు 1865 నాటి పరిస్థితి చూడాలి. సుమారు 40 లక్షల మంది బానిసత్వం నుంచి బయటపడ్డారు. ఆరు లక్షల మందికి పైగా సైనికులు చనిపోయారు. మిసిసిపీ రాష్ట్రం 1866లో తన ఆదాయంలో ఐదో వంతు కృత్రిమ కాళ్లకూ చేతులకూ ఖర్చు పెట్టిందంటే ఎంతమంది అవయవాలు పోగొట్టుకుని తిరిగొచ్చారో ఊహించుకోండి. కాన్ఫెడరేట్ (విడిపోయిన దక్షిణాది ప్రభుత్వం) నోట్లు చిత్తుకాగితాలయ్యాయి, బ్యాంకులు మూతపడ్డాయి. ఇంకో సంగతి చాలామంది గమనించరు: యుద్ధానికి ముందు దక్షిణాదిలో అప్పుకు తాకట్టు పెట్టే ఆస్తుల్లో ముఖ్యమైనది మనుషులే. బానిసత్వం రద్దుతో ఆ తాకట్టు కూడా ఒక్కసారిగా మాయమైంది. అంటే విముక్తులైనవాళ్ల దగ్గర ఏమీ లేదు, యజమాని దగ్గర భూమి ఉంది గానీ కూలి ఇవ్వడానికి చేతిలో డబ్బు లేదు. ఈ రెండో సంగతి గుర్తుపెట్టుకోండి, పాలు సేద్యం (పంటను వాటాలుగా పంచుకునే సేద్యం) దగ్గరికి వచ్చినప్పుడు పనికొస్తుంది.

భూమి దగ్గర మొదలుపెడదాం, అసలు ముడి అక్కడే ఉంది.

1865 జనవరి 12న జార్జియాలోని సవానా పట్టణంలో ఉత్తరాది సేనాని జనరల్ షెర్మన్, యుద్ధశాఖ మంత్రి స్టాంటన్ ఇద్దరూ 20 మంది నల్లజాతి చర్చి పెద్దలను పిలిచి మాట్లాడారు. వాళ్ల తరఫున మాట్లాడిన గారిసన్ ఫ్రేజియర్‌కు 67 ఏళ్లు. తననూ తన భార్యనూ వెయ్యి డాలర్లు చెల్లించి విడిపించుకున్న మనిషి. మీ కాళ్ల మీద మీరు నిలబడాలంటే ఏం కావాలని అడిగితే, భూమి కావాలి, దాన్ని మేమే దున్నుకోవాలి అన్నాడు. నాలుగు రోజులకు షెర్మన్ 15వ నంబరు ఉత్తర్వు ఇచ్చాడు. చార్ల్‌స్టన్ నుంచి దక్షిణంగా ఫ్లోరిడాలోని సెయింట్ జాన్స్ నది దాకా, తీరం నుంచి 30 మైళ్ల లోపలి వరకు ఉన్న భూమిలో కుటుంబానికి 40 ఎకరాలకు మించకుండా ఇవ్వాలన్నది దాని సారాంశం. జూన్‌కల్లా సుమారు 40 వేల మంది దాదాపు 4 లక్షల ఎకరాల్లో స్థిరపడి పంట కూడా వేశారు.

ఇక లోపం ఎక్కడుందో చూడండి. ఆ ఉత్తర్వు ఇచ్చింది అనుభవ హక్కు మాత్రమే, పట్టా కాదు. అదీ యుద్ధకాలంలో ఒక సేనాని ఇచ్చిన కాగితం. మన ఊళ్లలో పట్టా లేకుండా ఏళ్ల తరబడి సాగు చేసుకుంటున్న రైతు బాధ ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకు దీని ఫలితం వేరే చెప్పక్కర్లేదు. 1862 నాటి జప్తు చట్టం కూడా తిరుగుబాటుదారు బతికున్నంత కాలమే భూమిని తీసుకోవచ్చని, వారసుల హక్కు పోదని పరిమితి పెట్టుకుంది. లింకన్ చనిపోయాక అధ్యక్షుడైన ఆండ్రూ జాన్సన్ 1865 మే 29న క్షమాభిక్ష ప్రకటించాడు. 20 వేల డాలర్లకు పైగా ఆస్తి ఉన్నవాళ్లు మాత్రం విడిగా అర్జీ పెట్టుకోవాలన్నాడు. అర్జీలు కుప్పలుగా వచ్చాయి, క్షమాపణలూ అంతే ధారాళంగా వెళ్లాయి. క్షమాపణ కాగితం చేతికొస్తే భూమీ వెనక్కి వచ్చినట్టే.

విముక్తుల కోసం 1865 మార్చి 3న పెట్టిన ఫ్రీడ్‌మెన్స్ బ్యూరోకు అధిపతి జనరల్ హోవర్డ్. ఆయన జూలైలో 40 ఎకరాల చొప్పున పంచమని సర్క్యులర్ ఇచ్చాడు. సెప్టెంబరులో అధ్యక్షుడు దాన్ని తిప్పి రాయించాడు. అక్టోబరులో హోవర్డ్ స్వయంగా దక్షిణ కరోలినా తీరంలోని ఎడిస్టో దీవికి వెళ్లి, చర్చిలో గుమిగూడినవాళ్లకు ఆ భూములు పాత యజమానులకు పోతాయని చెప్పాల్సి వచ్చింది. దీవివాసులు ముగ్గురితో సంఘం వేసుకుని, నిన్నటిదాకా మమ్మల్ని కొట్టినవాడి కింద మళ్లీ పని చేయమనడం న్యాయమేనా అని ఆయనకూ అధ్యక్షుడికీ రాశారు. ఫలితం లేకపోయింది.

ఆ పక్కనే ఉన్న సెయింట్ హెలెనా, పోర్ట్ రాయల్ దీవుల్లో కొన్నవాళ్ల భూములు మాత్రం నిలిచాయి. ఎందుకు? అక్కడ భూమి పోయింది జప్తు కింద కాదు, పన్ను బకాయి కింద. యజమానులు పారిపోయి కేంద్ర పన్ను కట్టకపోతే 1863, 1864ల్లో ఆ భూముల్ని వేలం వేశారు. వేలంలో కొన్నవాడి చేతిలో కోర్టులో నిలబడే సర్టిఫికెట్ ఉంది. బానిసగా పుట్టి, 1862లో ఓడతో సహా తప్పించుకొచ్చిన రాబర్ట్ స్మాల్స్ ఈ దారిలోనే బోఫర్ట్‌లో తన పాత యజమాని ఇంటిని కొన్నాడు. పాత యజమాని తరఫువాళ్లు దావా వేస్తే 1878లో సుప్రీంకోర్టు స్మాల్స్ పక్షానే తీర్పు చెప్పింది. ఒకే తీరం, ఒకే యుద్ధం. తేడా కాగితంలో ఉంది. పునర్నిర్మాణం మీద చర్చల్లో ఆదర్శాల గురించి పేజీలకు పేజీలు మాట్లాడతారు గానీ ఈ కాగితం సంగతి ఎవరూ ఎత్తరు.

"బ్యూరో దగ్గరున్న భూమి అంతా పంచితే సరిపోయేదా?" అని కూడా అడుగుతుంటారు. సరిపోదు. 1865లో దాని అధీనంలో ఉన్నది సుమారు 8.5 లక్షల ఎకరాలు. 40 చొప్పున భాగిస్తే 21 వేల కుటుంబాలకు వస్తుంది. ఇంటికి ఐదుగురు లెక్కన చూస్తే విముక్త కుటుంబాలు 8 లక్షలు. అందుకే పెన్సిల్వేనియా సభ్యుడు థాడియస్ స్టీవెన్స్ వేరే లెక్క వేశాడు: 200 ఎకరాలు దాటిన సుమారు 70 వేల మంది పెద్ద యజమానుల భూమి, తిరుగుబాటు రాష్ట్రాల సర్కారు భూమి కలిపితే 39.4 కోట్ల ఎకరాలు. అందులోంచి వయోజన విముక్తులకు తలా 40 ఎకరాలు ఇచ్చి, మిగతాది అమ్మి యుద్ధపు అప్పు తీర్చాలన్నాడు. లెక్క సరిగ్గానే ఉంది. సొంత పార్టీయే వెనకడుగు వేసింది. దక్షిణాది ఆస్తుల్ని ముట్టుకోవడం నేర్పితే రేపు ఉత్తరాది ఫ్యాక్టరీల ఆస్తికీ అదే గతి పడుతుందని భయం. పత్తి మళ్లీ ఓడలెక్కాలన్న తొందర ఇంకోవైపు.

దాని బదులు 1866 జూన్‌లో దక్షిణాది హోమ్‌స్టెడ్ చట్టం తెచ్చి అలబామా, అర్కాన్సా, ఫ్లోరిడా, లూసియానా, మిసిసిపీల్లో 4.6 కోట్ల ఎకరాల ప్రభుత్వ భూమి తెరిచారు. కాగితం మీద ఘనంగా ఉంటుంది. కానీ ఎక్కువ భాగం పైన్ అడవి, ఇసుక నేల, చిత్తడి. అడవి నరికి పంట చేతికి రావడానికి కనీసం ఒక ఏడాది తిండి, ఒక కంచరగాడిద, నాగలి కావాలి. అవి ఎవరి దగ్గరా లేవు. 1876లో ఆ చట్టాన్నే రద్దు చేశారు.

పనిచేసిన నమూనాలు లేకపోలేదు. మిసిసిపీలో డేవిస్ బెండ్ దగ్గర విముక్తులే తోటలు నడిపి 1865లో దాదాపు 2,000 బేళ్ల పత్తి తీశారు. సుమారు 1.6 లక్షల డాలర్ల లాభం. దక్షిణ కరోలినా రాష్ట్రం 1869లో భూమి కమిషన్ పెట్టి, పెద్ద తోటలు కొని, చిన్న కమతాలుగా దీర్ఘకాల వాయిదాలపై అమ్మింది. అవినీతి జరిగింది, నాసిరకం భూమికి ఎక్కువ ధర కట్టారు. అయినా 1876 నాటికి సుమారు 14 వేల నల్లజాతి కుటుంబాలు దాని ద్వారా భూమి మీదికి చేరాయి. ఇంకే రాష్ట్రమూ ఇంత చేయలేదు.

ఇక జాన్సన్ రెండేళ్లు. 1865 శరత్కాలంలో పాత పెద్దలే ఎన్నికలు పెట్టుకుని, పాత పెద్దలనే ఎన్నుకుని, నల్లవాళ్ల కోసం ప్రత్యేక చట్టాలు చేశారు. వీటినే బ్లాక్ కోడ్స్ అంటారు. మిసిసిపీ చట్టం దగ్గరగా చూస్తే వాటి పనితనం అర్థమవుతుంది. ప్రతి జనవరిలో ఆ ఏడాదికి పని ఉందని రాతపూర్వక రుజువు చూపాలి. ఏడాది నిండకుండా పని మానేస్తే అప్పటిదాకా చేసిన కూలి మొత్తం పోతుంది. పారిపోయినవాడిని ఏ తెల్లవాడైనా పట్టి తేవచ్చు: తలకు 5 డాలర్లు, మైలుకు 10 సెంట్లు బహుమానం, అదీ ఆ కూలివాడి జీతంలోంచే. "పనిలేక తిరుగుతున్నాడు" అని జరిమానా వేస్తారు. ఐదు రోజుల్లో కట్టలేకపోతే, ఆ జరిమానా కట్టినవాడికి అతన్ని అద్దెకిస్తారు. ఊరి బయట భూమి కౌలుకు తీసుకోవడం కూడా నిషేధం. మన వెట్టికి ఇది దగ్గరి చుట్టం. తేడా ఏమంటే మన వెట్టి ఎక్కువగా ఆనవాయితీ మీద నడిచింది, ఇక్కడ సెక్షన్లు వేసి రాశారు. బానిసత్వాన్ని రద్దు చేస్తూ 1865 డిసెంబరు 6న ఆమోదం పొందిన 13వ సవరణలో "నేరానికి శిక్షగా తప్ప" అన్న మినహాయింపు ఉంది. తర్వాతి కాలంలో ఖైదీలను రైలుమార్గాలకూ గనులకూ తోటలకూ అద్దెకిచ్చే పద్ధతి ఈ సందులోంచే దూరింది.

ఈ కోడ్‌లు ఉత్తరాదిని మేల్కొలిపాయి. 1866లో మెంఫిస్‌లో మే నెలలో, న్యూ ఓర్లీన్స్‌లో జూలైలో జరిగిన ఊచకోతలు మిగతా పని చేశాయి. ఊచకోతలకు ముందే, ఏప్రిల్‌లో, అధ్యక్షుడి వీటో దాటి పౌర హక్కుల చట్టం వచ్చింది, తర్వాత 14వ సవరణ వచ్చింది. "ఇక్కడ పుట్టినవాళ్లంతా పౌరులే" అన్న వాక్యం ఈ సవరణలోదే. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో పుట్టిన తెలుగువాళ్ల పిల్లల పౌరసత్వానికి ఆధారం ఈ ఒక్క వాక్యం. రాసింది మాత్రం మిసిసిపీ పత్తి కూలీల కోసం. అందులోనే నాలుగో సెక్షన్ చాలామంది చదవరు. కాన్ఫెడరేట్ అప్పులు చెల్లవు, బానిసలను పోగొట్టుకున్నందుకు ఎవరికీ నష్టపరిహారం లేదు అంటుంది. బ్రిటన్ తన వలసల్లో బానిసత్వం రద్దు చేసినప్పుడు యజమానులకు 2 కోట్ల పౌన్లు ఇచ్చింది, బానిసలకు ఏమీ ఇవ్వలేదు. అమెరికా దక్షిణాదిలో ఇద్దరికీ ఇవ్వలేదు.

1867 మార్చి 2 చట్టం, అదే నెల 23న వచ్చిన అనుబంధ చట్టం కలిసి అసలు యంత్రాంగం. టెనెసీ అప్పటికే సవరణ ఒప్పుకుని తిరిగి చేరిపోయింది కాబట్టి మిగతా పది రాష్ట్రాలను ఐదు సైనిక మండలాలు చేశారు: వర్జీనియా ఒక్కటే ఒకటి, రెండు కరోలినాలు రెండోది, జార్జియా, అలబామా, ఫ్లోరిడా మూడోది, మిసిసిపీ, అర్కాన్సా నాలుగోది, టెక్సస్, లూసియానా ఐదోది. ఒక్కో రాష్ట్రం తిరిగి చేరాలంటే పాటించాల్సిన వరుస ఇది. సైన్యం పర్యవేక్షణలో నల్లజాతి పురుషులతో సహా ఓటర్ల నమోదు, రాజ్యాంగ సభకు ఎన్నిక, నల్లవాళ్లకు ఓటు ఇచ్చే కొత్త రాష్ట్ర రాజ్యాంగం, దానికి ప్రజల ఆమోదం, కొత్త శాసనసభ 14వ సవరణను ఆమోదించడం, చివరగా కాంగ్రెస్ అంగీకారం.

ఇంత జాగ్రత్తగా రాసిన చట్టాల్లోనూ ఒక రంధ్రం వదిలారు. రాజ్యాంగం నెగ్గాలంటే నమోదైన ఓటర్లలో సగం మందికి పైగా పోలింగులో పాల్గొనాలి అన్నారు. అలబామాలో 1868 ఫిబ్రవరిలో వ్యతిరేకులు "వద్దు" అని ఓటు వేయలేదు, అసలు ఇల్లు కదల్లేదు. వచ్చిన ఓట్లలో అత్యధికం "అవును" అయినా సంఖ్య చాలలేదు, రాజ్యాంగం ఓడినట్టే లెక్క. మార్చిలో కాంగ్రెస్ గబగబా సవరించి, పోలైన ఓట్లలో మెజారిటీ చాలు అని మార్చింది. విభజిత సమాజంలో ప్రజాభిప్రాయ సేకరణ పెట్టే ఎవరైనా కోరం నిబంధన రాసేముందు ఈ ఉదంతం చూసుకోవాలి. అడ్డుపడాలనుకునేవాడికి బహిష్కరణే ఆయుధమవుతుంది.

ఆ తర్వాత కొన్నేళ్లు జరిగింది చిన్నది కాదు. సుమారు 2 వేల మంది నల్లజాతివారు గ్రామస్థాయి న్యాయాధికారి నుంచి సెనేటరు దాకా పదవుల్లోకి వచ్చారు. రాష్ట్ర శాసనసభల్లో 600 మందికి పైగా, కేంద్ర కాంగ్రెస్‌లో 16 మంది. 1870 ఫిబ్రవరిలో హైరమ్ రెవెల్స్ తొలి నల్లజాతి సెనేటరుగా సెనేట్‌లో కూర్చున్నాడు. దక్షిణ కరోలినా దిగువ సభలో నల్లజాతి సభ్యులదే మెజారిటీ. దక్షిణాదిలో రాష్ట్రవ్యాప్త ఉచిత ప్రభుత్వ పాఠశాలల వ్యవస్థ గట్టిగా పునాది వేసుకుంది ఈ రాజ్యాంగాలతోనే, అందులో పేద తెల్లపిల్లలు కూడా లాభపడ్డారు. బ్యూరో పర్యవేక్షణలో 1869కి సుమారు 3 వేల బడులు, లక్షన్నర మంది పిల్లలు. ఫిస్క్, హోవర్డ్, హాంప్టన్ సంస్థలు 1866–68 మధ్య మొదలయ్యాయి. నల్లజాతిలో నిరక్షరాస్యత 1870లో దాదాపు 80 శాతం, 1900లో 44 శాతం. పునర్నిర్మాణం విఫలం అని ఒక్క మాటలో తేల్చేసేవాళ్లు ఈ అంకె దగ్గర కాసేపు ఆగాలి.

బ్యూరో గురించి ఒక్కటే చెబుతాను: ఎంత ఉచ్ఛదశలోనూ దక్షిణాది మొత్తానికి ఉన్న ఏజెంట్లు 900 మంది. ఒక్కో మనిషి కింద మన జిల్లాలంత ప్రాంతం. తిండి పంచాలి, బడులు చూడాలి, కూలి ఒప్పందాల మీద సంతకాలు పెట్టించాలి, తగాదాలు తీర్చాలి. అదీ గుర్రం మీద తిరిగి.

ఆర్థిక వ్యవస్థ విషయంలో మాత్రం నిదానంగా చెప్పాలి, ఎందుకంటే అసలు ఉరి ఇక్కడ బిగిసింది.

యజమాని దగ్గర కూలికి డబ్బు లేదని ముందే అన్నాను. విముక్తులకు పాతకాలం మాదిరి గుంపు పని, మేస్త్రి కొరడా మళ్లీ వద్దు. ఈ రెంటి మధ్య రాజీగా పుట్టింది పాలు సేద్యం. తోటను 30–50 ఎకరాల ముక్కలు చేసి కుటుంబానికి ఒకటి ఇస్తారు. పనిముట్లు, గాడిద, విత్తనం యజమానివైతే పంటలో సగం అతనికి; రైతు సొంతవైతే యజమాని పాలు మూడో వంతో నాలుగో వంతో. మొదట్లో దీన్ని విముక్తులే కోరుకున్నారన్నది నిజం. చెడగొట్టింది పాలు కాదు, అప్పు.

పంట వచ్చేదాకా తినడానికి ఊరి దుకాణదారు సరుకు అరువిస్తాడు. హామీగా ఇంకా మొలవని పంట. రాష్ట్రాలు పంట తాకట్టు చట్టాలు చేసి దీనికి బలం ఇచ్చాయి. ఆ దుకాణమే ఎందుకు, బ్యాంకు లేదా? లేదు. యుద్ధకాలపు జాతీయ బ్యాంకుల చట్టం ప్రకారం బ్యాంకు పెట్టాలంటే కనీసం 50 వేల డాలర్ల మూలధనం కావాలి, భూమి తాకట్టు మీద అప్పు ఇవ్వకూడదు. దక్షిణాది పల్లెకు ఈ రెండు నిబంధనలూ తలుపు మూసినట్టే. పోటీ లేని దుకాణదారు నగదు ధర ఒకటి, అరువు ధర ఒకటి పెట్టాడు. ఆ తేడాను ఏడాది వడ్డీగా లెక్కేస్తే 50 శాతం దాటుతుంది.

ఊహించిన లెక్క ఒకటి వేసి చూపిస్తాను. కుటుంబం 5 బేళ్లు పండించిందనుకోండి, బేలు 450 పౌన్లు. మొత్తం 2,250 పౌన్లు. 1872 ప్రాంతంలో ధర పౌనుకు 16 సెంట్లు. 360 డాలర్లు వస్తుంది, సగం పాలు 180. నగదుకైతే 100 డాలర్లయ్యే సరుకు అరువు ఖాతాలో 150 అయింది. మిగిలింది 30. అదే కుటుంబం, అదే కష్టం, 1877–78 నాటికి ధర 9 సెంట్ల లోపు. 9 వేసుకున్నా 202 డాలర్లు, సగం పాలు 101. ఖాతాలో 150. అంటే 49 డాలర్ల బాకీ వచ్చే ఏడాదికి. బాకీ ఉన్నవాడు దుకాణం మారలేడు, ఊరు మారలేడు. దుకాణదారు ఇంకో షరతు పెడతాడు: పత్తే వేయాలి, మొక్కజొన్న వద్దు. ఎందుకంటే పత్తి దారిలో తినేసేది కాదు, ఎప్పుడైనా అమ్ముడవుతుంది. అలా తిండిగింజలు కూడా అదే దుకాణంలో అరువుకు కొనాల్సి వస్తుంది. ధర ఎందుకు పడిందంటే 1873 మాంద్యం ఒకటి, ప్రపంచ పత్తి సరఫరా పెరగడం ఇంకొకటి. యుద్ధంలో అమెరికా పత్తి ఆగిపోయినప్పుడు లివర్‌పూల్ వర్తకులు భారత్, ఈజిప్టుల వైపు తిరిగారు. ఆ నాలుగేళ్లు మన పత్తి రైతులకు కూడా ఎన్నడూ చూడని ధర దొరికింది, యుద్ధం ముగియగానే పడిపోయింది. తర్వాత అందరూ కలిసి ఒకే మార్కెట్లో ధర దింపుకున్నారు.

కూడబెట్టుకున్న కాస్త డబ్బు ఏమైంది? 1865లోనే విముక్తుల కోసం ఫ్రీడ్‌మన్స్ సేవింగ్స్ బ్యాంకు పెట్టారు. పాస్‌బుక్కులు, లింకన్ పేరు చూసి జనం అది సర్కారు బ్యాంకనుకున్నారు. హామీ మాత్రం లేదు. మొదట్లో ప్రభుత్వ బాండ్లలోనే పెట్టాలన్న నిబంధన ఉండేది. 1870లో చార్టరు సవరించి స్థిరాస్తి రుణాలకు అనుమతించారు, డబ్బు వాషింగ్టన్ సట్టా వ్యాపారుల వైపు పారింది. 1873 సెప్టెంబరు 18న జే కుక్ బ్యాంకింగ్ సంస్థ కూలడంతో మాంద్యం మొదలైంది. 1874 మార్చిలో పేరున్న నల్లజాతి నాయకుడు ఫ్రెడరిక్ డగ్లస్‌ను అధ్యక్షుడిగా తెచ్చి కూర్చోబెట్టారు, జూన్ చివర్లో బ్యాంకు మూతపడింది. 61 వేల మంది ఖాతాదారులకు దాదాపు 30 లక్షల డాలర్లు బాకీ. ఏళ్ల తర్వాత కొందరికి 60 శాతం వరకు వచ్చింది, చాలామందికి అదీ లేదు.

ఇక హింస. ఆ రోజుల్లో రహస్య ఓటు లేదు. పార్టీ అచ్చేసిన చీటీని అందరి ముందూ పెట్టెలో వేయాలి. ఎవడు ఎటు వేశాడో యజమానికీ దుకాణదారుకూ తెలిసిపోతుంది. దీనికి తోడు నల్లవాళ్ల మీద దాడులు చేసే తెల్లవాళ్ల రహస్య ముఠా, కు క్లక్స్ క్లాన్. దాన్ని ఆపడం అసాధ్యం కాదు, 1871లో ఆపారు కూడా. 1870లో కొత్తగా న్యాయశాఖ ఏర్పడింది. అటార్నీ జనరల్ అమోస్ ఏకర్‌మన్ పట్టుదలతో అధ్యక్షుడు గ్రాంట్ 1871 అక్టోబరులో దక్షిణ కరోలినాలోని తొమ్మిది కౌంటీల్లో (మన జిల్లాల్లాంటివి) హేబియస్ కార్పస్, అంటే నిర్బంధాన్ని కోర్టులో ప్రశ్నించే హక్కు, నిలిపేశాడు. అశ్వికదళం వందలమందిని పట్టింది, నల్లజాతివారు కూడా ఉన్న జ్యూరీల ముందు కేంద్ర కోర్టులో విచారణలు జరిగాయి. 1872కి క్లాన్ చెల్లాచెదురైంది. ఏం పనిచేసిందంటే స్థానిక షెరీఫునూ (కౌంటీ పోలీసు అధికారి) స్థానిక కోర్టునూ పక్కనపెట్టి అరెస్టు నుంచి శిక్ష దాకా కేంద్రమే నడపడం. ఏం చాలలేదంటే ప్లీడర్లు, కోర్టు గంటలు, డబ్బు. కేసులు పేరుకుపోయాయి, ఏకర్‌మన్‌ను పదవి నుంచి తప్పించారు.

ఆ తర్వాత కోర్టులు దారి మూశాయి. 1873 ఏప్రిల్ 13న లూసియానాలో కోల్‌ఫాక్స్ కోర్టు భవనం దగ్గర కనీసం 60 మంది నల్లవాళ్లను, చాలామందిని లొంగిపోయాక, చంపారు. దాదాపు వందమంది మీద అభియోగం పెడితే శిక్ష పడింది ముగ్గురికి. 1876లో సుప్రీంకోర్టు ఆ శిక్షలూ కొట్టేసింది. 14వ సవరణ రాష్ట్ర ప్రభుత్వాలను కట్టడి చేస్తుంది గానీ వ్యక్తులను కాదు అన్నది తీర్పు. అంటే హత్యకు శిక్ష రాష్ట్రం వేయాలి. ఆ రాష్ట్రంలో షెరీఫు, జ్యూరీ ఎవరు? చంపినవాళ్ల పక్షంవాళ్లే.

మిసిసిపీ 1875 దీనికి పూర్తి రూపం. ఆయుధాలతో ఊరేగింపులు, సభల మీద దాడులు. గవర్నరు ఏమ్స్ సైన్యం పంపమంటే వాషింగ్టన్ పంపలేదు. ఉత్తరాది రాష్ట్రమైన ఒహాయో ఎన్నికల్లో ఓట్లు పోతాయని లెక్క వేసుకున్నారు. నల్లజాతివారే ఎక్కువగా ఉన్న యాజూ కౌంటీలో ఆ ఏడాది రిపబ్లికన్లకు (లింకన్ పార్టీ, విముక్తులు ఓటు వేసేది దానికే) పడిన ఓట్లు ఏడు. ఏడు వందలు కాదు, ఏడు.

"అవినీతి వల్లే ఆ ప్రభుత్వాలు పడిపోయాయి" అని ఇప్పటికీ వినిపిస్తుంది. రైల్వే బాండ్లలో అవినీతి జరిగింది, రెండు పార్టీలవాళ్లూ తిన్నారు. అసలు కోపం పన్ను మీద. యుద్ధానికి ముందు రాష్ట్రాల ఆదాయంలో బానిసల మీద పన్ను పెద్ద భాగం, భూమి మీద నామమాత్రం. తర్వాత బడులకూ రోడ్లకూ డబ్బు భూమి మీద పన్నుగానే రావాలి. కట్టేది పాత యజమాని, దాన్ని నిర్ణయించే సభలో నిన్నటి బానిస. దక్షిణ కరోలినాలో 1871లో, 1874లో పన్ను చెల్లింపుదారుల సభలు పెట్టుకున్నది అందుకే.

1876 అధ్యక్ష ఎన్నికల్లో 20 ఎలక్టోరల్ ఓట్ల (అధ్యక్షుణ్ణి ఎన్నుకోవడానికి రాష్ట్రాల తరఫున పడే ఓట్లు) మీద తగాదా వచ్చింది. 15 మంది కమిషన్ 8–7తో రిపబ్లికన్ అభ్యర్థి హేస్‌కు అనుకూలంగా తేల్చింది, 185–184. ఆయన పదవిలోకి వచ్చాక, 1877 ఏప్రిల్‌లో, కొలంబియా (దక్షిణ కరోలినా), న్యూ ఓర్లీన్స్ (లూసియానా) రాజధాని భవనాల దగ్గరున్న సైనికులను బ్యారక్‌లకు వెళ్లమన్నారు. సైన్యం దక్షిణాది వదిలి వెళ్లిపోయిందని చాలాచోట్ల రాస్తారు, అది సరికాదు. ఉన్నచోటే ఉంది, జోక్యం చేసుకోవడం మానేసింది.

ఓటు ఒక్కరోజులో పోలేదు, ఇరవై ఏళ్లు పట్టింది. దక్షిణ కరోలినా 1882లో పెట్టిన ఎనిమిది పెట్టెల చట్టం చూడండి. ఒక్కో పదవికి ఒక్కో పెట్టె, తప్పు పెట్టెలో పడిన చీటీ చెల్లదు. పెట్టె మీద రాసింది చదవగలిగితేనే సరైన దాంట్లో వేయగలరు. ఎవరైనా ముందే వరుస గుర్తుపెట్టుకుని వస్తారేమోనని అధికారులు పెట్టెల స్థానాలు మార్చేవారు. చట్టంలో ఎక్కడా రంగు ప్రస్తావన లేదు కాబట్టి, రంగును బట్టి ఓటు కాదనకూడదన్న 15వ సవరణకు తగల్లేదు. 1890లో మిసిసిపీ ఓటు వేయాలంటే కట్టాల్సిన రెండు డాలర్ల పోల్ పన్ను (తలపన్ను), రాజ్యాంగంలో ఏదో వాక్యం చదవడమో, వినిపిస్తే అర్థం చెప్పడమో చేయాలన్న పరీక్ష తెచ్చింది. ఏ వాక్యం అడగాలో, జవాబు సరైందో కాదో తేల్చేది గుమాస్తా. లూసియానాలో 1896లో నమోదైన నల్లజాతి ఓటర్లు 1,30,334 మంది. 1900లో 5,320.

వేరేలా జరిగే అవకాశం ఉండేదా అంటే, దానికి ఊహ అక్కర్లేదు, తర్వాత జరిగింది చూస్తే చాలు. 15వ సవరణ మాటలు 1870 నుంచి ఒక్క అక్షరం మారలేదు. 1965లో ఓటు హక్కు చట్టం దాని రెండో సెక్షన్‌ను (సవరణ అమలుకు చట్టాలు చేసే అధికారం కాంగ్రెస్‌కు ఇచ్చేది) ఆధారం చేసుకుని రెండు పనులు చేసింది: చదువు పరీక్షలు ఆపించింది, గుమాస్తా నమోదు చేయకపోతే కేంద్రం నుంచి ఉద్యోగిని పంపి నమోదు చేయించింది. మిసిసిపీలో అప్పటిదాకా నమోదైన నల్లజాతివారు 7 శాతం లోపు. రెండేళ్లకు, 1967లో, 59 శాతం దాటారు.